దారిలో నాతో ఆగినవాళ్లకు కృతజ్ఞతలు

మొన్నటి సైకిల్ క్యాంపింగ్ టూర్‌లో నాతో వచ్చిన అందరికీ, ముఖ్యంగా ఎత్తు ఎక్కుతుండగా నా సైకిల్ స్పోక్ విరిగినప్పుడు నా కోసం రోడ్డు పక్కన ఆగిపోయిన ముగ్గురికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఇంటికొచ్చాక ఫోన్ చేసి చెప్పాను గానీ, అది చాలదనిపించింది. మీరు చేసిందేమిటో నలుగురికీ తెలియాలి. ఇలాంటి టూర్‌కి వెళ్లాలని ఉన్నా "నా వల్ల అందరూ ఆగాల్సి వస్తుందేమో" అని వెనకాడేవాళ్లకు ఇంకా బాగా తెలియాలి.

టెంటు, పరుపు, బట్టలు, నీళ్లు అన్నీ క్యారియర్‌కి కట్టుకుని వెళ్లేటప్పుడు బరువులో ఎక్కువ భాగం వెనక చక్రం మీదే పడుతుంది. ఎత్తు ఎక్కుతుండగా టంగుమని శబ్దం వచ్చింది. వెంటనే రిమ్ము అటూ ఇటూ ఊగుతూ బ్రేకు రబ్బర్లకు రాసుకోవడం మొదలైంది. స్పోక్ విరిగింది. అదీ కుడివైపు, గేర్ల పళ్లచక్రాల వెనకాల. ఆ పళ్లచక్రాలు ఊడదీస్తే తప్ప అక్కడ మామూలు స్పోక్ ఎక్కించడం కుదరదు. అందుకు వేరే పనిముట్లు కావాలి, వాటిని టూర్‌లో మోసుకొచ్చేవాళ్లు తక్కువ. ఇక నా ప్రయాణం ఇక్కడితో అయిపోయిందనే అనుకున్నాను.

మెకానిక్ పని తెలిసిన అన్న వచ్చి చక్రం ఒకసారి తిప్పి చూసి, "ఏం కాదు, సామాను దించండి" అన్నారు. ఆ మాటతోనే సగం టెన్షన్ పోయింది. అన్న దగ్గర కెవ్లార్ అనే చాలా గట్టి పీచు తాడుతో చేసిన ఎమర్జెన్సీ స్పోక్ ఉంది. దాన్ని మడిచి అరచేతిలో పెట్టుకోవచ్చు. తాడు కాబట్టి చక్రం నడిమధ్యనుండే హబ్బు రంధ్రంలోంచి వంచి దూర్చేయొచ్చు, పళ్లచక్రాలు ముట్టుకోనక్కర్లేదు. రెండో కొసను రిమ్ము దగ్గర స్పోక్‌ను పట్టి ఉంచే చిన్న నట్టుకి, అంటే నిప్పుల్‌కి బిగిస్తే సరిపోతుంది. కెవ్లార్‌కి మూలమైన పదార్థాన్ని 1965లో స్టెఫానీ క్వోలెక్ అనే రసాయన శాస్త్రవేత్త కనిపెట్టారు. ఆమెకు కూడా ఇక్కడ నా నమస్కారాలు.

తాడు బిగించాక అన్న చక్రం బెండు తీసిన తీరు ఇంకా కళ్ల ముందే ఉంది. సైకిల్‌ని తలకిందులుగా నిలబెట్టి, బ్రేకు రబ్బరునే కొలతగా పెట్టుకున్నారు. రిమ్ము ఎక్కడ రాసుకుంటోందో చూసి, ఆ చోట నిప్పుల్‌ని ఒక్కసారికి పావు చుట్టు మాత్రమే తిప్పుతూ వచ్చారు. అలా చేస్తూనే నాకు వివరించారు. కుడివైపు స్పోక్ పోతే ఆ చోట రిమ్మును కుడికి లాగే పట్టు పోతుందట, ఎడమవైపు స్పోకులు దాన్ని తమ వైపు గుంజుకుంటాయట. అలాగే తొక్కుతూ పోతే పక్క స్పోకుల మీద భారం పెరిగి అవి కూడా విరగొచ్చట. ఎక్కడా తొందరపడలేదు, విసుక్కోలేదు. అడిగిన ప్రశ్నే మళ్లీ అడిగినా ఓపిగ్గా చెప్పారు.

అంతసేపూ, గుంపు చివర్న వచ్చే బాధ్యత తీసుకున్న అక్క మాకు కొంచెం కింద, వెనక లైటు వెలిగించి నిలబడి, వచ్చే బండ్లకు చెయ్యి చూపిస్తూ ఉన్నారు. చివరి రైడర్ పని బయటికి కనిపించదు. తన కాళ్లలో ఎంత బలమున్నా అందరికన్నా నెమ్మదిగా వెళ్లేవాళ్లను దాటి వెళ్లకూడదు. అక్క ముందున్నవాళ్లకు కబురు పంపారు. అసలు మా గుంపులో ప్రతి మలుపు దగ్గరా వెనకవాళ్లు కనబడేదాకా ఆగాలనే నియమం మొదటి నుంచీ ఉంది. అందుకే నన్ను ఎవరూ "ఎంతసేపు?" అని అడగాల్సిన అవసరమే రాలేదు. గ్రూపు టూర్‌కి వెళ్లేవాళ్లు దూరం, వేగం కన్నా ముందు ఈ నియమం ఉందో లేదో అడగాలని నా గట్టి అభిప్రాయం.

మూడో మనిషి మా అందరిలోకీ చిన్నవాడు. ఎవరూ చెప్పకుండానే నా సైడ్ బ్యాగులు విప్పి టెంటు, వంట సామాను తన సైకిల్‌కి కట్టుకున్నాడు. తాడు స్పోక్ మీద ఎక్కువ బరువు పెట్టకూడదని వాడికి తెలుసు. బరువైనవి అడుగున, రెండు పక్కలా సమానంగా సర్దాడు. లేకపోతే దిగుడులో హ్యాండిల్ ఊగుతుంది. అంత బరువుతో ఆ ఎత్తు ఎక్కి, పైన నాకు నీళ్ల సీసా అందిస్తూ నవ్వాడు. తమ్ముడూ, నీ మేలు మర్చిపోలేను.

ఆ తర్వాత ఎదురుగాలి మొదలైంది. నన్ను వరస మధ్యలో పెట్టి, మిగతావాళ్లు వంతులవారీగా ముందుకు వెళ్లి నాకు గాలి తగలకుండా అడ్డుకున్నారు. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డు అంతకంతకూ పెరుగుతుంది కాబట్టి ముందున్నవాళ్ల శ్రమ తక్కువేం కాదు. వెనక ఉన్నవాళ్లకు రోడ్డు కనిపించదని "గుంత!", "ఇసుక!" అని అరుస్తూ, చేత్తో చూపిస్తూ నడిపించారు. చీకటి పడకముందే క్యాంపు చేరామంటే అది వాళ్ల పుణ్యమే.

రాత్రి నా పరుపులో గాలి నిలవకపోతే తన దగ్గరున్న మందపాటి ఫోమ్ చాప ఇచ్చినవాళ్లకూ థాంక్స్. పడుకున్నప్పుడు ఒంటి కింద స్లీపింగ్ బ్యాగ్ నలిగిపోయి అందులో గాలి ఉండదు, నేల చలిని ఆపేది చాపే. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

చక్రానికి ఇప్పుడు అసలు స్పోక్ వేయించాను. అన్నా, మీ కిట్‌లో ఖాళీ అయిన చోటుకి కొత్త ఎమర్జెన్సీ స్పోక్ కొని ఉంచాను, కలిసినప్పుడు ఇస్తాను. నా కోసం కూడా ఒకటి తీసుకున్నాను. అక్కా, తర్వాతి టూర్‌లో కొంత దూరమైనా గుంపు చివర్న రావడం నాకు నేర్పించండి. మీరు పక్కనే ఉండి చూసుకుంటానంటే ఆ బాధ్యత తీసుకోవడానికి నేను సిద్ధం.