హేమకుండ్ నుంచి అమ్మను మోసుకొచ్చిన అబ్బాయికి

ఉత్తరాఖండ్‌లోని జోషీమఠ్ లాడ్జీలో కూర్చుని రాస్తున్నాను. మోకాళ్ళు వంగడం లేదు, కళ్ళు మూసుకుపోతున్నాయి, తప్పులుంటే సర్దుకోండి. ముందుగా, అమ్మ క్షేమం. ఇక్కడి పప్పులో పులుపే లేదని పొద్దున్నుంచీ సణుగుతోంది. అంటే కోలుకున్నట్టే.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. మా రాజమండ్రి వాకింగ్ బ్యాచ్ అంతా పూలలోయ (వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్) చూసుకుని, మర్నాడు కొండ మీదున్న సిక్కుల పుణ్యక్షేత్రం హేమకుండ్ సాహిబ్‌కి బయల్దేరాం. రాత్రి ఉన్న ఘాంఘరియా దాదాపు 3,050 మీటర్ల ఎత్తు. అక్కణ్ణుంచి ఆరు కిలోమీటర్లు ఎక్కితే 4,300 దాటేస్తాం. ఒక్క పూటలో వెయ్యి మీటర్లకు పైనే! పైన సరస్సు, ఒడ్డున గురుద్వారా, పక్కనే లక్ష్మణస్వామి గుడి. రాత్రి ఉండనివ్వరు, మధ్యాహ్నం రెండింటికల్లా అందరూ దిగాల్సిందే. రాళ్ళ మధ్య బ్రహ్మకమలాలు కనిపించేదాకా అమ్మే మా అందరికంటే ముందు నడిచింది.

గుడి దగ్గర తలనొప్పి అంది. లంగర్‌లో, అంటే గురుద్వారా ఉచిత భోజనశాలలో, వేడి కిచిడీ రెండు ముద్దలు తిని కక్కేసింది. తర్వాత మాట ముద్దగా రావడం మొదలైంది. బ్యాచ్‌లో ఒక అంకుల్ కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటరు తెచ్చారు. మాకందరికీ రక్తంలో ఆక్సిజన్ శాతం ఎనభైల్లో చూపిస్తోంది, ఆ ఎత్తులో అది మామూలేనట. అమ్మకి 66. "ఇది ఎత్తు పడక వచ్చిన జబ్బు. వెంటనే కిందికి దించాలమ్మా, దీనికి అసలు మందు అదే" అన్నారాయన. గుర్రం ఎక్కిద్దామంటే పక్కకి వాలిపోతోంది. పైగా వాన.

అప్పుడు కనిపించాడు ఆ అబ్బాయి. ఇరవై రెండేళ్ళుంటాయేమో. సీజన్‌కి నేపాల్ నుంచి వచ్చి కండీ మోస్తాడు. కండీ అంటే వీపున మోసే బుట్ట. బరువంతా నుదుటి పట్టీ మీదే పడుతుంది, కూర్చున్న మనిషి ముఖం వెనక్కి ఉంటుంది. పొద్దున ఎవరినో పైకి తెచ్చి, ఖాళీ బుట్టతో దిగిపోతున్నాడు. మేం పిలవలేదు. అమ్మ ముఖం చూసి ఆగాడు. బుట్ట దించాడు. తను కప్పుకున్న ప్లాస్టిక్ షీటు తీసి అమ్మకి చుట్టాడు. కిందికి వచ్చేదాకా తను మాత్రం తడుస్తూనే ఉన్నాడు.

అమ్మేమో ఒకటే గొడవ. "మనిషి మీద ఎక్కి ఊరేగుతానా, పాపం చుట్టుకుంటుంది, దించెయ్ నాయనా!" అతనికి ముక్క అర్థం కాలేదు. "అలాగే మాతాజీ" అని హిందీలో అంటూ దిగుతూనే ఉన్నాడు. నాతో మాత్రం, "నిద్రపోనివ్వకండి దీదీ, మాట్లాడిస్తూ ఉండండి" అన్నాడు. అమ్మ ముఖం నాకెదురుగానే ఉంది కదా, ఏం మాట్లాడాలో తోచక ఆవకాయ కొలతలు అడిగాను. మొదట్లో జవాబు లేదు. గుర్రాలు ఎదురైనప్పుడల్లా అతను కొండవైపు ఒదిగి నిలబడేవాడు, నన్నూ అటే లాగేవాడు. సగం దూరం దిగాక ఉప్పు లెక్క తప్పు చెప్పానని అమ్మ నన్ను కసిరింది. ఆ తిట్టు విని ఎంత సంతోషించానో!

ఘాంఘరియాలో మళ్ళీ చూస్తే 81. అతను అడిగింది బోర్డు మీద రాసిన రేటే. లెక్కపెట్టి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. అంతటితో అతని పని అయిపోయింది. కానీ రాత్రి తొమ్మిదికి తలుపు చప్పుడైంది. తలుపు తీస్తే అతనే. "మాతాజీ ఏమైనా తిన్నారా?" అని అడిగాడు. అంతే, అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా ఒక్కసారి పగిలి, గుమ్మంలోనే ఏడ్చేశాను. పాపం, ఏం చెయ్యాలో తెలియక తలగోక్కుంటూ నిలబడ్డాడు. ఫొటో, పేరు పెట్టనా అంటే నవ్వి వద్దన్నాడు.

ఒక మాట అనకుండా ఉండలేను. యాత్ర రిజిస్ట్రేషన్ కోడ్ ఏదీ అని ఆపడానికి మనుషులున్నారు. వేలికి ఆక్సీమీటరు పెట్టి "మీరు పైకి వెళ్ళకండి" అని చెప్పే మనిషి మాకు ఎక్కడా కనిపించలేదు. వైద్యం దొరుకుతుందన్న చోటికి వెళ్తే తాళం. ఇప్పుడే వస్తారన్నారు, ఎవరూ రాలేదు. అమ్మ ప్రాణం నిలిచింది ఒక కుర్రాడి మెడ నరాల బలం మీద. అలాంటి కుర్రాళ్ళు వానలో నిలబడ్డానికి దారిలో సరైన షెడ్డు కూడా కనపడలేదు.

మా ఆయన, తమ్ముడు చెరోవైపు ఉండనే ఉన్నారు. వాళ్ళకి థాంక్స్ చెప్తే తిడతారు. ఆక్సీమీటరు అంకుల్‌కి పాదాభివందనం.

పోస్టు చేసేశాక గుర్తొచ్చింది: లంగర్‌లో అమ్మ కక్కుకున్నది తన చేత్తో తుడిచి, కంబళి కప్పిన పెద్దాయన! ఎలా మర్చిపోయానో. ఇంకా, రాత్రంతా తన ఫ్లాస్కు మాకు వదిలేసిన లాడ్జీ వంటమనిషి. నడక దారి అయిపోయి జీపు రోడ్డు మొదలయ్యే పుల్నా దగ్గర సామాన్లన్నీ తనే ఎక్కించిన జీపు డ్రైవరు.

అయ్యో, ఇంకొకరు. పక్క గది మరాఠీ కుటుంబం ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, మాత్రలు ఇచ్చారు, డబ్బులు తర్వాత చూద్దాం అన్నారు. వాళ్ళ ఫోన్‌పే నంబరు మనవాళ్ళలో ఎవరో రాసుకున్నారు. ఎవరి దగ్గరుంటే వాళ్ళు నాకు పంపండి, ఇవాళే ఇచ్చేస్తాను.