ఇసుకతో నింపిన పేర్లు

ఒరేయ్ నేస్తం,

ఫోనులో చెబితే రెండు నిమిషాల్లో అయిపోతుందని ఉత్తరం రాస్తున్నాను. చేతిరాత చూసి నవ్వకు. పారిస్‌లో అబ్బాయి దగ్గర ఉన్నాం కదా, నిన్న వాడు మమ్మల్ని నార్మండీ తీసుకువెళ్ళాడు.

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్స్‌ను విడిపించడానికి 1944 జూన్ 6న మిత్రదళాలు అక్కడ దిగిన ఐదు తీరాల్లో ఒమాహా ఒకటి. మేము వెళ్ళేసరికి ఆటు, సముద్రం బాగా వెనక్కి పోయి ఉంది. ఆ రోజు సైనికులు దిగిందీ అలాంటి వేళే. పోటు మీద వస్తే జర్మన్లు తీరంలో పాతిన దూలాలు, మందుపాతరలు నీళ్ళ కింద కనబడవని ఆటు వేళ ఎంచుకున్నారు. అవి కనబడ్డాయి సరే, చెట్టూ పుట్టా లేని ఇసుక మీద దాదాపు 300 మీటర్లు దాటాల్సి వచ్చింది. ఎదురుగా గుట్ట మీద మరతుపాకులు. ఆ దూరం నేను చేతులూపుకుంటూ నడిచాను. అయినా రొప్పు వచ్చింది. తడి బట్టలతో, వీపున మూటతో పరుగెత్తినవాళ్ళలో చాలామంది మన మనవళ్ళ వయసువాళ్ళు.

గుట్ట పైన కొలవిల్ ఊరి దగ్గరి అమెరికన్ సైనిక శ్మశానంలో 9,380కి పైగా సమాధులు. ఒకప్పటి అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ కొడుకు కూడా అక్కడే ఉన్నాడు, పేరూ తండ్రిదే. 56 ఏళ్ళ జనరల్, కీళ్ళ నొప్పులతో చేతికర్ర పట్టుకుని ఆ ఐదింటిలో మరొకటైన యూటా తీరంలో మొదటి విడతలోనే దిగాడు. నెల దాటగానే గుండెపోటుతో పోయాడు. మోకాళ్ళ నొప్పులని ఇక నా దగ్గర అనకు.

అన్నట్టు, అక్కడి ఉద్యోగి ఒకామె చిన్న బకెట్టులో తడి ఇసుక తెచ్చి, ఒక పాలరాతి శిలువ మీది పేరుకు రుద్ది, పైపైన తుడిచింది. తెల్లరాతిలో కలిసిపోయిన అక్షరాలు ఒక్కసారిగా పైకి తేలాయి. ఆ ఇసుక ఒమాహా తీరానిదే. చనిపోయినవారి బంధువులు వస్తే, ఫోటోలో పేరు కనబడాలని అలా చేస్తారట. తర్వాత వాన కడిగేస్తుంది. ఎవరో తెలియని 307 మందికి మాత్రం రాయి ఉంది, రుద్దడానికి పేరు లేదు.

చిన్నప్పుడు మన శివాలయం శాసనం మీద సుద్దపొడి రుద్దినందుకు పూజారి గారు వెంటపడ్డారు, గుర్తుందా? రెండు వరుసలు చదివామో లేదో, పారిపోయాం. వేసవికి నేను వస్తున్నాను. సుద్దముక్కలు నువ్వే తీసుకురా.

నీ
పాత బద్ధకస్తుడు