నీళ్లకు తప్పుకునే టైముందా, పాపా?

పోరుమామిళ్ల

పాపా,

నాయన ఆశీస్సులు. నీ మెయిల్ చదివినాను. చెరువు కట్ట కుదుపుకు ఎట్లా తట్టుకుంటుందో కంప్యూటర్ మోడల్‌లో చూసేటప్పుడు మట్టినీ నీళ్లనూ ఒకే ముద్దగా లెక్క కట్టాలా, రెండింటినీ దేనికది కదలనివ్వాలా అని మీ గైడుతో వాదన నడుస్తోందని రాసినావు. సాఫ్ట్‌వేర్ నాకు తెలీదు గానీ, ఉద్యోగమంతా చెరువు కట్టల మీదే చేసినవాణ్ణి కాబట్టి తోచింది రాస్తున్నా.

కట్ట మీద లోడు పడి, తొలగిపోయేలోగా నీళ్లకు తప్పుకునే టైముందా లేదా, ముందు అది తేల్చు. మోడల్ ఏదనేది ఆ తర్వాత. బరువు నిదానంగా పెరిగితే సందుల్లో ఉన్న నీళ్లు పక్కకు జారుకుంటాయి, మోసే పని రేణువులదే. కుదుపు క్షణంలో వచ్చి వెనక్కి తిరిగితే నీళ్లకు దారి దొరకదు. వదులు ఇసుక కుదుపుకు దగ్గరవ్వాలని చూస్తుంది, మధ్యలో నీళ్లు అడ్డం. దాంతో పీడనం ప్రతి కుదుపుకూ కొంచెం కొంచెం ఎక్కుతుంది. అది పైబరువుతో సమానమయ్యేసరికి రేణువు మీద రేణువు ఆనదు. మట్టి శాస్త్రానికి పునాది వేసిన టెర్జాగీ 1920లలో చెప్పిన ఎఫెక్టివ్ స్ట్రెస్, అంటే రేణువులు మోసే ఒత్తిడి, సున్నా కావడమంటే ఇదే. 1964 భూకంపంలో జపాన్‌లోని నీగాటాలో అపార్ట్‌మెంట్లు పెద్దగా పగలకుండానే పక్కకు ఒరిగింది ఇందువల్లే.

గులకకూ మన రేగడికీ పారగమ్యతలో, అంటే నీళ్లను తనలోంచి పోనిచ్చే గుణంలో, కోటి రెట్లకు పైగా తేడా ఉండొచ్చు. పొర మందం రెండింతలైతే నీళ్లు బయటపడే టైం నాలుగింతలవుతుంది. ఈ రెండూ చేతిలో లేకుండా మోడల్ గురించి వాదించడం దండగ.

మట్టినీ నీళ్లనూ దేనికది కదలనిచ్చే లెక్కకు బియో అనే శాస్త్రవేత్త 1956లో రాసిన సమీకరణాల్లో మామూలు పీడన అలతో పాటు నెమ్మదిగా పోయే రెండో పీడన అల ఒకటుంది కదా. దాన్ని ల్యాబులో ప్లోనా అనే పరిశోధకుడు చూపించేసరికి 1980 వచ్చింది. తక్కువ ఫ్రీక్వెన్సీలో అది అలలా పరుగెత్తదు, ఇనుపకడ్డీలో వేడి పాకినట్టు పాకుతుంది. భూకంపానికైతే నీళ్ల సాపేక్ష త్వరణం వదిలేసి, మట్టి కదలికా నీటి పీడనమూ మాత్రమే కనుక్కునే, జీంకెవిచ్ అనే ఇంజనీరు చెప్పిన పద్ధతి చాలావరకు సరిపోతుంది. క్వారీ బ్లాస్టింగ్ పక్కనే జరిగితే మాత్రం ఆ సులువు కుదురుతుందో లేదో చూసుకోవాలి. మన జిల్లాలో భూకంపం కన్నా నాకు ఆ బ్లాస్టింగ్ టెన్షనే ఎక్కువ.

ఇంకొకటి, తడిసింది కదా అని సాచురేషన్, అంటే సందుల్లో నీళ్లు నిండిన వంతు, నూరు శాతం వేసేయొద్దు. చెరువు ఏటా నిండుతుంది, ఎండుతుంది. కట్టలో గాలి చిక్కుకుంటుంది. సందుల్లో నూటికి ఒక వంతు గాలి మిగిలినా పీడన అల వేగం సెకనుకు 1500 మీటర్ల నుంచి కొన్ని వందల మీటర్లకు పడిపోతుంది. మట్టిని అడ్డంగా ఊపే షియర్ అలకు ఆ తేడా పెద్దగా తెలియదు. అందుకే రెండూ కొలవాలి.

చెరువు ఎండితే భయం లేదనుకోవడమూ తప్పే. 2001 జనవరి 26న గుజరాత్‌లోని కచ్ భూకంపంలో అక్కడి చాంగ్ జలాశయం మట్టికట్ట కుంగి చితికిపోయినప్పుడు జలాశయంలో నీళ్లు దాదాపు లేవు. కట్ట కింది మట్టి మాత్రం నీళ్లతో నిండి ఉంది. నువ్వు కట్టను ఎంత బాగా గీసినా పునాది పొరను వదిలేస్తే లెక్క అక్కరకు రాదు.

మన చెరువు శాసనం 1369 నాటిది, బుక్కరాయల కొడుకు భాస్కరుడు వేయించింది. చెరువుకు ఆరు దోషాలు చెప్పి, కట్ట నుంచి నీళ్లు కారడాన్ని అందులో చేర్చినారు. కట్ట కింద ఊట తేటగా వస్తే కంగారు లేదు, బురదగా వస్తే లోపల మట్టి కొట్టుకుపోతోందని అర్థం. ఊట దగ్గరి సన్న మట్టి చిటికెడు తీసి అరచేతిలో పెట్టి, పక్కనుంచి ఇంకో చేత్తో తట్టి చూడు. పైన తళతళా నీళ్లు తేలి, వేళ్లతో నొక్కగానే లోపలికి ఇంకిపోతే అది ఒండ్రు. ముద్దగా అట్లే ఉండిపోతే బంకమన్ను. ల్యాబు రిపోర్టు రాకముందే ఏ పొర మీద అనుమానం పెట్టుకోవాలో ఇది చెప్తుంది.

సంక్రాంతికి వచ్చేటప్పుడు శాంపిల్ ట్యూబులు తెచ్చుకో. కట్ట మీదికి నేనూ వస్తా. ఈలోగా నీ పట్టికలో పారగమ్యత విలువ పక్కన అది పుస్తకం నుంచి తీసిందా, శాంపిల్ మీద కొలిచిందా అని రాసి పంపు. అది చూసినాకే మిగతా పేజీలు చదువుతా.

మీ నాయన