శీనాకు, అనంతపురం నుంచి

శీనా,

తిట్టకు. జవాబు రాద్దాం రాద్దాం అనుకుంటూనే ఆలస్యమైపోయింది. ఇంట్లో అందరూ బాగున్నారు, అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, ఎండల సంగతి నీకు కొత్తగా చెప్పేదేముంది. అసలు విషయానికొస్తా, లేకపోతే కడుపు ఉబ్బిపోతుంది.

ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు తమ పాత వెబ్‌సైటు సరిచేయమని నాకిచ్చారు. చూడ్డానికి భలే ఉంది. మొన్న మామ వచ్చాడు. కళ్లు కనపడకపోయినా నీ లెక్కల్లో తప్పులు పట్టేవాడు, ఆ మామే! ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ, అదే తెర మీదున్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, పెట్టుకుని రోజూ పేపర్లు వింటాడు. "ఏదీ, నీ సైటు చూస్తా" అన్నాడు. హెడింగులకు దూకే హెచ్ మీట నొక్కాడు, హెడింగే లేదంది. ఎవరో అక్షరాలు లావు చేసి హెడింగ్ అయిపోయిందనుకున్నారు. డి నొక్కాడు. నావ్ (మెనూ), మెయిన్ (అసలు విషయం) లాంటి భాగాలకు దూకే మీట అది. అదీ లేదంది. ట్యాబ్ నొక్కుతూ పోతే 'దరఖాస్తు చేయండి' దగ్గర ఆగనే లేదు. ఎలా ఆగుతుంది? అది బటనే కాదు, రంగు పూసిన డివ్, అంటే ఏ అర్థమూ లేని ఉత్త డబ్బా!

"మైకులో చెప్పేవాడు లేని బస్టాండు మాదిరి ఉందే అబ్బీ" అన్నాడు మామ.

నాకు ఒళ్లు మండిందిరా. వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్ ఉంది కదా, ఈ నావ్, మెయిన్, ఆర్టికల్ ట్యాగులున్న హెచ్‌టీఎంఎల్5ను వెబ్ ప్రమాణాలు పెట్టే డబ్ల్యూ3సీ ఖాయం చేసింది 2014లో. బటన్ అయితే 1997 నాటి హెచ్‌టీఎంఎల్ 4లోనే ఉంది. ఇంకా డివ్ మీద డివ్ పేర్చడమేంటి?

రాత్రే కూర్చున్నా. మెనూ నావ్‌లోకి, అసలు విషయం మెయిన్‌లోకి, ఒక్కో నోటిఫికేషన్ ఒక్కో ఆర్టికల్. పెద్ద హెడింగ్ హెచ్1 ఒకటే, దాని కింద చిన్న హెడింగులు హెచ్2లు. డివ్ తీసి బటన్ పెడితే ట్యాబ్, ఎంటర్, స్పేస్ అన్నీ వాటంతటవే పనిచేశాయి. సెక్షన్ ట్యాగ్ అంటే డివ్‌కు ముద్దుపేరని వాదించావు చూడు, సగం నిజమే. దానికో పేరు తగిలించకపోతే డి నొక్కినా దొరకదు.

మళ్లీ మామను కూర్చోబెట్టా. డి, హెచ్, ట్యాబ్, అంతే, బటన్ దగ్గరికి వెళ్లిపోయాడు. అంతలో "ఫీజు గడువు పోయిన నెలలోనే అయిపోయిందే, తీసేయమను" అన్నాడు! అది కళ్లున్న మాకెవరికీ కనపడలేదు.

ఓనరేమో "చూడ్డానికి ఏం మారింది, డబ్బులెందుకు?" అంటున్నాడు. మామనే వెంట తీసుకుపోదామా అనుకుంటున్నా, కానీ మామ నోరు నీకు తెలుసుగా...

సప్తగిరి సర్కిల్ దగ్గర ఒకాయన ఎదురు చూస్తున్నాడు, ఫోన్ మీద ఫోన్. మన 'ఇరవై మార్కుల' గాడి పెళ్లి కబురు కూడా ఉంది, అది తర్వాత రాస్తా.

నీ
రఘు