పైల్ అడుగు చూశాకే కాంక్రీట్ పోయించండి: రోడ్లు, భవనాల మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ రోడ్లు, భవనాల శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను గోదావరి డెల్టాలో పైల్ పునాదులు, అంటే భూమిలోకి లోతుగా దింపే కాంక్రీట్ స్తంభాల పునాదులు, వేయించే సైట్ ఇంజనీర్‌ని. భీమవరం, నరసాపురం, అమలాపురం వైపు మట్టి సంగతి మీకు తెలియంది కాదు. పైన కాస్త గట్టిగా కనిపించినా కిందంతా మెత్తటి బంకమట్టి, కొద్దిగా తవ్వితేనే నీరు ఊరుతుంది. ఇలాంటి చోట నాలుగంతస్తులు లేపాలంటే బిల్డింగు బరువుని పైల్స్‌తో అడుగున గట్టి పొర దాకా దింపాలి. మరి ఆ పొర ఎక్కడుందో చూసేదెవరు?

చాలాచోట్ల పక్క బిల్డింగుకి ఎంత లోతు వేశారో కనుక్కుని అంతే వేసేస్తున్నారండీ. పాత నదీపాయ పూడిన చోట పది గజాల తేడాలో మట్టి మారిపోతుంది. చేపల చెరువు పూడ్చి మెరక చేసిన స్థలమైతే ఇంకా కష్టం, ఎందుకంటే కొత్తగా పోసిన మట్టి బరువుకి కింది బంకమట్టి ఏళ్ల తరబడి కుంగుతూనే ఉంటుంది, కుంగుతూ పైల్‌ని కూడా పట్టుకుని కిందికి లాగుతుంది. నెగెటివ్ స్కిన్ ఫ్రిక్షన్ అంటారు దీన్ని. ఆ బరువు కూడా డిజైన్‌లో కలపాలి. బోరు వేసి మట్టి పరీక్ష చేయకుండా ఎంత కలపాలో ఎవరు చెప్పగలరు?

ఇక పని జరిగే తీరు. గుంత గోడలు కూలకుండా బెంటోనైట్ అనే మెత్తటి బంకమట్టి కలిపిన ద్రవం నింపుతూ తవ్వుతాం, అయ్యాక టేపుకి బరువు కట్టి లోతు చూస్తాం. ఇనుప కేజ్ దించి, కాంక్రీట్‌ని అడుగు దాకా చేర్చే ట్రెమీ పైపులు బిగించేలోపు ఆ ద్రవంలో తేలుతున్న మట్టీ ఇసుకా అడుగుకి దిగిపోతాయి. మళ్లీ టేపు వేస్తే లోతు తగ్గి కనిపిస్తుంది, తగ్గినంత మేరా బురదే. దాన్ని ఫ్లషింగ్ చేసి, అంటే ద్రవాన్ని పంపు చేసి కడిగి, తీశాకే కాంక్రీట్ పోయాలి. కానీ అర్ధరాత్రి రెడీమిక్స్ లారీ వచ్చి నిలబడితే, కాంక్రీట్ గట్టిపడిపోతుందన్న టెన్షన్‌లో ఆ రెండో టేపు ఎగ్గొట్టేస్తారు. నా కళ్లతో చూశాను. పైల్ బురద మీద కూర్చుంటుంది, పైనుంచి చూస్తే ఏ లోపమూ కనపడదు.

పైల్ పునాదులకి మన దేశపు కోడ్ అయిన ఐఎస్ 2911 ప్రకారం కనీసం 0.5 శాతం పైల్స్‌కి, డిజైన్ లోడ్‌కి ఒకటిన్నర రెట్లు బరువు పెట్టి లోడ్ టెస్ట్ చేయాలి, దీన్నే రొటీన్ టెస్ట్ అంటారు. అంటే 200 పైల్స్‌లో ఒక్కటి. ఆ ఒక్కటీ ఏదో ముందే తెలిస్తే దాన్నొక్కదాన్నే జాగ్రత్తగా పోస్తారు, రిపోర్టూ బాగానే వస్తుంది, మిగతా 199 ఎలా ఉన్నాయో ఎవరికీ తెలీదు.

అందుకని అడిగేది ఇదే సార్. మట్టి పరీక్షా, లోడ్ టెస్టూ కాంట్రాక్టర్ చేతిలో పెట్టకుండా మీ శాఖే డబ్బు కట్టి చేయించాలి. టెస్ట్ చేసే పైల్‌ని అన్నీ పోశాక మీ ఇంజనీరే ఎంచాలి, సంఖ్య కూడా కోడ్ ఒప్పుకునే 2 శాతం దాకా పెంచండి. ప్రతి పైల్‌కీ రెండు టేపు కొలతలు రిజిస్టర్‌లో రాసి, మీ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) అక్కడే ఉండి సంతకం పెట్టాకే కాంక్రీట్ మొదలవ్వాలి, రాత్రయినా సరే. దీనికి కొత్త చట్టమేం అక్కర్లేదు. వచ్చే టెండర్ల లోపే మీ శాఖ నుంచి ఒక సర్క్యులర్ ఇప్పించండి.