హాట్‌డాగ్ మానిపించలేదు రమణా, మధ్యలోది మార్చాం

రేయ్ రమణా,

ఎలా ఉన్నారందరూ? చెల్లెమ్మ నడుంనొప్పి తగ్గిందా? మొన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి షాపులో గిరాకీ ఉండి సరిగా చెప్పలేకపోయాను, తర్వాత రాస్తాలే అని పెట్టేశాను. ఈరోజు ఆదివారం, మధ్యాహ్నానికే మందుల షాపు మూసి ఇంటికొచ్చేశా. అనంతపురం ఎండ సంగతి నీకు చెప్పక్కర్లేదు. ఫ్యాన్ కింద కూచుని తీరిగ్గా రాస్తున్నా, పెద్ద ఉత్తరమే అయ్యేట్టుంది, ఓపిగ్గా చదువు.

అక్కడ డల్లాస్‌లో మీ పిల్లలిద్దరికీ హాట్‌డాగ్ తప్ప వేరేది సయించడం లేదు, స్కూల్లో అదే, బేస్‌బాల్ చూడ్డానికి పోతే అదే, పక్కింటోళ్ల పెరట్లో పార్టీ అంటే అదే అన్నావు. మీరు ప్యాకెట్ మీద 'అన్‌క్యూర్డ్', అంటే నిల్వమందు కలపనివి, అని ఉన్నవి మాత్రమే కొంటున్నారు కాబట్టి పర్వాలేదేమో అని కూడా అన్నావు. పర్వాలేదు అని నా నోటితో అనలేను రా. ఎందుకో చెప్తాను, కానీ ముందు మా ఇంట్లో జరిగింది విను.

మా హారిక ట్యూషన్ పక్కన పోయినేడాది ఒక చిన్న కొట్టు పెట్టారు. బన్ను మధ్యకు చీల్చి, సాసేజ్ పెట్టి, పైన మయోనైజ్, కెచప్ పోసి ఇస్తారు. మనం చదువుకునే రోజుల్లో క్లాక్ టవర్ దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జి తిన్నట్టు ఇప్పటి పిల్లలు దానికి అలవాటు పడ్డారు. రోజూ బయట తినడం ఎందుకని మా ఆవిడ ఇంటికే చికెన్ సాసేజ్ ప్యాకెట్లు తెచ్చి ఫ్రీజర్లో పెట్టింది. కోడి మాంసమే కదా, ప్రోటీన్ కదా అని నేనూ ఊరుకున్నా. మూడు నెలలు, వారానికి నాలుగు రోజులు, స్కూలు డబ్బాలో అదే.

ఒక రాత్రి నీళ్ల కోసం లేచి ఫ్రిజ్ తీస్తే ఆ ప్యాకెట్ చేతికి తగిలింది. రోజంతా మందుల అట్టల మీద చీమ తలకాయంత అక్షరాలు చదివేవాణ్ణి, నా కూతురు తినేదాని అట్ట మాత్రం ఒక్కసారీ తిప్పి చూడలేదు. ఫ్రిజ్ లైటు వెలుతురులోనే నిలబడి చదివా: కోడి మాంసం, నీళ్లు, సోయా ప్రోటీన్, స్టార్చ్, ఉప్పు, ఆ తర్వాత తిండిలో కలిపే మందులకు పెట్టే నంబర్లు, ఐఎన్ఎస్ 451, ఐఎన్ఎస్ 250. ఈ 250 అంటే సోడియం నైట్రైట్. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు రమణా, చేజేతులా పెట్టాం కదా అనిపించి.

నైట్రైట్ ఎందుకు వేస్తారంటే దానికీ గట్టి కారణం ఉంది, ఊరికే వేయరు. గాలి తగలని మాంసంలో బొట్యులినమ్ అనే బ్యాక్టీరియా పెరిగి ప్రాణం తీసేంత విషం తయారుచేస్తుంది. జర్మనీలో పాతకాలంలో సాసేజ్‌లు తిని మనుషులు ఇట్లా చచ్చిపోతుంటే, దానికి లాటిన్‌లో సాసేజ్ అనే మాట నుంచే బొట్యులిజం అని పేరొచ్చింది. నైట్రైట్ ఆ బ్యాక్టీరియాను అణుస్తుంది. ఆ గులాబీ రంగు ఇచ్చేదీ, ఆ ప్రత్యేకమైన రుచి ఇచ్చేదీ అదే. చిక్కేమిటంటే మన కడుపులోనూ, పెనం మీద బాగా కాలినప్పుడూ అది మాంసంలోని ప్రోటీన్ ముక్కలతో కలిసి నైట్రోసమైన్లు అనేవి పుట్టిస్తుంది. వాటిలో చాలావాటికి క్యాన్సర్ తెచ్చే గుణం ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉండే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015 అక్టోబర్‌లో ప్రాసెస్ చేసిన మాంసాన్ని, అంటే సాసేజ్ లాగా నిల్వకూ రుచికీ ఉప్పో మందో పట్టించినదాన్ని, క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి గ్రూపులో పెట్టింది. పొగాకు ఉన్నదీ ఆ గ్రూపులోనే. ఇక్కడ కంగారు పడొద్దు, సిగరెట్ ఎంత ప్రమాదమో ఇదీ అంతే అని కాదు అర్థం, రెండింటికీ రుజువు అంత గట్టిగా ఉందని. రోజుకు 50 గ్రాములు, అంటే దాదాపు ఒక హాట్‌డాగ్, రోజూ తింటూ పోతే పెద్దపేగు క్యాన్సర్ ముప్పు 18 శాతం పెరుగుతుందన్నారు. నూటికి పద్దెనిమిది మందికి వస్తుందని కాదు రోయ్, నూటికి నలుగురికి వచ్చే చోట అది ఐదుగురికి దగ్గరవుతుందన్న లెక్క. ఎప్పుడో ఆటకెళ్లినప్పుడు ఒకటి తింటే ఏమీ కాదు. నా బెంగంతా వారానికి నాలుగు రోజుల గురించి, పదేళ్ల పిల్లకు పట్టుకున్న అలవాటు గురించి.

ఇప్పుడు మీ 'అన్‌క్యూర్డ్' సంగతి. ప్యాకెట్ వెనక్కి తిప్పి చూడు, 'సెలరీలో సహజంగా ఉండేది తప్ప నైట్రైట్ కలపలేదు' అన్నట్టు చిన్నగా రాసి ఉంటుంది. సెలరీ ఆకుకూర లాంటిదే, దాంట్లో నైట్రేట్ ఎక్కువ. ఆ పొడిని బ్యాక్టీరియాతో పులియబెడితే నైట్రైట్ అవుతుంది, దాన్నే మాంసంలో కలుపుతారు. డబ్బాలోంచి వచ్చినా ఆకులోంచి వచ్చినా నైట్రైట్ నైట్రైటే. టర్కీ, చికెన్ హాట్‌డాగ్‌ల కథా అంతే, కొవ్వు తగ్గుతుంది గానీ ఉప్పూ ఉంటుంది, నైట్రైటూ ఉంటుంది. కూరగాయల సాసేజ్‌లు కాస్త మేలు, నైట్రైట్ దాదాపుగా ఉండదు, కానీ ఉప్పు మాత్రం చూసే కొనాలి. మామూలు హాట్‌డాగ్ ఒక్కదాంట్లోనే 400 నుంచి 500 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. పెద్దవాళ్లకే రోజు మొత్తానికి 2000 దాటకూడదంటారు, మీ నాన్నకూ మా నాన్నకూ బీపీ ఉన్న సంగతి మర్చిపోవద్దు.

సరే, మేమేం చేశామో చెప్తా. మొదట్లో ఒక్కసారిగా బంద్ పెట్టేశాం, అది మా తప్పు. హారిక రెండు రోజులు డబ్బా అట్లే మూతపెట్టి వెనక్కి తెచ్చింది. మూడో రోజు పక్కన కూచోబెట్టుకుని, అసలు దాంట్లో నీకేం ఇష్టం నాన్నా అని అడిగా. ఆలోచించి చెప్పింది: బన్ను మెత్తగా ఉండడం, చేత్తో పట్టుకుని తినడం, కొరికితే టప్‌మని అనడం, సాస్. మాంసం రుచి అని ఒక్క మాట కూడా అనలేదు రా! అక్కడ నాకు దారి దొరికింది. ఆ నాలుగూ ఉంచి మధ్యలోది మారిస్తే చాలు.

మొదట క్యారెట్‌తో చేశాం. లావు క్యారెట్‌ను సగం ఉడికించి, సోయా సాస్, వెనిగర్, తెల్లగడ్డ, కాస్త పొగవాసన ఉండే మిరప్పొడి కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టి పెనం మీద కాల్చాలి. మీ దగ్గర చాలామంది చేస్తారట. బానే వచ్చింది, కానీ దాంట్లో ప్రోటీన్ చాలా తక్కువ, గంటకే ఆకలి. "క్యారెట్ బాగుంది నాన్నా, కానీ ఇది హాట్‌డాగ్ కాదు" అంది. నిజమే.

తర్వాత సోయా. ఎండు మీల్‌మేకర్ 100 గ్రాములకు 50 గ్రాముల పైనే ప్రోటీన్ ఉంటుంది, మాంసం కంటే ఎక్కువ, ధరా తక్కువ. వేడినీళ్లలో నానబెట్టి, మిక్సీలో తిప్పి, ఉడికించిన ఆలుగడ్డ కలిపి చుట్టాం. పెనం మీద పెట్టగానే ముక్కలు ముక్కలు. మా అమ్మ వచ్చి గిన్నెలో చెయ్యి పెట్టి చూసి, "నీళ్లు పిండలేదు గదరా, పిడికిట్లో పెట్టి చుక్క రాకుండా పిండాల" అంది. తర్వాత డబ్బాలోంచి పుట్నాల పొడి తీసి మూడు చెంచాలు వేసింది. నీకు గుర్తుందా, మీ ఇంట్లోనూ మా ఇంట్లోనూ కైమా ఉండలు చేసేటప్పుడు అదే వేసేవాళ్లు, మాంసంలోని తేమంతా పీల్చుకుని ముద్దను పట్టుకునేది అదే. ఈసారి విరగలేదు.

అప్పుడు తట్టింది, ఆ కైమా ఉండలనే గుండ్రంగా కాకుండా పొడుగ్గా చేస్తే సరిపోదా అని. ఇప్పుడు మేం చేసేది ఇదే, జాగ్రత్తగా చదువు. అరకిలో చికెన్ కైమా తీసుకో, తొడ మాంసమైతే ఎండిపోదు. సన్నగా తరిగి గట్టిగా పిండిన ఎర్రగడ్డ ఒకటి, అల్లం తెల్లగడ్డ ముద్ద, కొత్తిమీర, చెక్కాలవంగాల పొడి, మిరప్పొడి, మూడు పెద్ద చెంచాల పుట్నాల పొడి, ముప్పావు చిన్న చెంచా ఉప్పు. అంతే ఉప్పు, మొదటి వారం చప్పగా అనిపిస్తుంది, తర్వాత నాలుక సర్దుకుంటుంది. అయిదు నిమిషాలు చపాతీ పిండిలా బాగా పిసకాలి, జిగురు వచ్చి చేతికి అంటుకుంటుంది చూడు, అప్పటిదాకా. దాన్ని పది వేళ్లుగా చుట్టి ఒక్కోదాన్ని అరిటాకు ముక్కలో బిగించి, రెండు కొసలూ మెలిపెట్టి, ఇడ్లీ పాత్రలో పదిహేను నిమిషాలు ఆవిరి పట్టు. డల్లాస్‌లో అరిటాకు దొరక్కపోతే బేకింగ్ కాగితం చాలు. మధ్యలో ఒకటి విరిచి చూడు, లోపల పచ్చిగా గానీ ఎర్రగా గానీ ఉండకూడదు. మీ దగ్గర మాంసంలో గుచ్చే థర్మామీటర్ దొరుకుతుంది కదా, 74 డిగ్రీల సెల్సియస్ చూపించాలి. ఆకు విప్పి ఒక చెంచా నూనెతో పెనం మీద దొర్లిస్తే పైన పల్చటి పొర కడుతుంది. ఆ "టప్" పూర్తిగా రాదు, కానీ కొరికితే తెలుస్తుంది. నల్లగా మాత్రం మాడ్చొద్దు, మాడిన మాంసంలోనూ చెడు పదార్థాలు పుడతాయి.

రంగు గులాబీ రాదు, గోధుమ రంగే. హారిక మొదటిరోజు మొహం ముడుచుకుంది, బీట్‌రూట్ రసం పోసి చూశాం, అది పెనం మీద వెలిసిపోయింది. మాంసం ఉడికితే ఇదే రంగు నాన్నా, ఆ గులాబీ రంగు మందు వల్ల వస్తుంది అని చెప్పా. వింది. పిల్లలకు అబద్ధం చెప్పకుండా కారణం చెప్తే వింటారు రా, నేను అదే నమ్ముతా.

ఒక్క జాగ్రత్త. నైట్రైట్ లేదు కాబట్టి ఇది నిల్వ ఉండేది కాదు. ఫ్రిజ్‌లో రెండు రోజులు, అంతకు మించి కావాలంటే చేసిన రోజే ఫ్రీజర్లో పెట్టెయ్. మేం ఆదివారం ఇరవై చేసి పెట్టుకుంటాం.

బన్ను మార్చలేదు. జొన్నరొట్టెలో చుట్టి చూశాం, వేడిగా ఉన్నంతసేపు బాగుంటుంది, డబ్బాలో చల్లారితే విరుగుతుంది. అన్నీ ఒక్కసారే లాగేసుకుంటే పిల్ల మొత్తానికే ఎదురుతిరుగుతుందని గోధుమ బన్ను దొరికిన రోజు అది, లేకుంటే మామూలుదే. సాస్ మాత్రం మార్చాం: గట్టిగా రుబ్బిన శనక్కాయ చట్నీ, టమాటా పచ్చడి. చెనిక్కాయ పండే ఊళ్లో ఉండి మయోనైజ్ సీసా కొనడమేంటని అమ్మ కోపం. పైన పచ్చి ఎర్రగడ్డ, టమాటా, నిమ్మరసం. చికాగోలో హాట్‌డాగ్ మీద కెచప్ వేయరట కదా, టమాటా ముక్కలు, ఎర్రగడ్డ, ఊరేసిన మిరపకాయలు, దోసకాయ వేస్తారట. ఆ పద్ధతి మీ పిల్లలకు అలవాటు చెయ్, అది మంచి పద్ధతి.

అన్నిటికంటే ముఖ్యమైనది చివరికి వచ్చింది. మీ బుడ్డోడికి మూడేళ్లు. హాట్‌డాగ్ గానీ నేను చెప్పిన కైమా గానీ గుండ్రంగా చక్రాల్లా కోసి ఇవ్వొద్దు, ఆ ఆకారం చిన్న పిల్లల గొంతుకు బిరడాలా సరిగ్గా సరిపోతుంది. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2010లోనే దీని గురించి హెచ్చరించింది. నిలువుగా నాలుగు చీలికలు చేసి, మళ్లీ చిన్న ముక్కలు చెయ్. తినేటప్పుడు పరిగెత్తనివ్వొద్దు, పక్కనే కూచో. చెల్లెమ్మకు ఇది ఈరోజే చెప్పు.

మొదటిసారి విరిగిపోతే నీళ్లు పిండలేదన్నమాట, ఫోటో పెట్టు, అమ్మ చూసి చెప్తుంది. మీ బావమరిది వచ్చే నెల ఇక్కణ్ణుంచి బయల్దేరుతున్నాడన్నావు కదా, పుట్నాల పొడీ శనక్కాయ పొడీ ఆయన చేతికిచ్చి పంపిస్తానంటోంది. చెరో కిలో చాలా, ఇంకా కావాలా? బుధవారంలోపు చెప్తే వేయించి పెడుతుంది.

నీ
సీనా