కోతి పాలివ్వదా అని అడిగింది మా మనవరాలు

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన వారం మీ పిల్లల పేజీలో 'క్షీరదాలకీ ప్రైమేట్లకీ తేడాలు' అని టేబుల్ వేశారు కదండీ, ఎడమ పక్క క్షీరదాలు పిల్లలకి పాలిస్తాయి ఒంటి మీద వెంట్రుకలుంటాయి అని, కుడి పక్క ప్రైమేట్లు చేత్తో కొమ్మ పట్టుకుంటాయి తెలివైనవి అని. ఐదో క్లాస్ చదివే మా మనవరాలు అది బట్టీ పట్టి, "అయితే కోతి పాలివ్వదా అమ్మమ్మా" అంది. మా మిద్దె మీదకి రోజూ కోతులొస్తాయి, తల్లి పొట్టకి కరుచుకుని పాలు తాగే కోతిపిల్లని చూస్తూనే ఉంటుంది, అయినా పేపర్లో పడేసరికి కళ్ళతో చూసింది నమ్మలేకపోయింది. నాకు చాలా బాధేసింది, అందుకే రాస్తున్నా.

అసలు రెండు గళ్ళు గీసి ఎదురెదురుగా పెట్టడమే తప్పండీ, నెల్లూరోళ్ళకీ తెలుగోళ్ళకీ తేడా ఏంటని ఎవరన్నా అడుగుతారా? క్షీరదాలనేది పెద్ద గుంపు, 6 వేలకి పైనే జాతులున్నాయి, ఏనుగు, తిమింగలం, గబ్బిలం, చుంచెలుక, ఆఖరికి గుడ్లు పెట్టే ప్లాటిపస్ కూడా పిల్లలకి పాలిస్తుంది కాబట్టి అందులోదే. ఆ గుంపులో ఒక కుటుంబం లాంటివి ప్రైమేట్లు, ఓ 500 జాతులుంటాయి, లీమర్లు, కోతులు, కొండముచ్చులు, గొరిల్లాలు, మనం. ప్రతి ప్రైమేటూ క్షీరదమే, ప్రతి క్షీరదం ప్రైమేట్ కాదు, అంతే. ఈ పేర్లు పెట్టిన శాస్త్రవేత్త లిన్నేయస్ గారే 1758లో రొమ్ము మీద రెండు స్తనాలున్నాయని గబ్బిలాన్ని కూడా ప్రైమేట్లలో కలిపేశాడు, తర్వాతి వాళ్ళు తీసేశారు. అంత పెద్దాయనే పొరపడ్డాడు కాబట్టి మిమ్మల్ని తప్పు పట్టాలని కాదు, దిద్దితే చాలు.

ఇంకోటి, కళ్ళు ముందుకి ఉంటే ప్రైమేట్ అని కూడా వేశారు. పిల్లికీ గుడ్లగూబకీ కూడా ముందుకే ఉంటాయి కదా, ఒక్క లక్షణం పట్టుకుని చెప్పలేం.

దీనికి మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది, దేవాంగ పిల్లి. మా శ్రీహరికోట అడవిలో, శేషాచలం కొండల్లో ఉంటుంది. పేరుకే పిల్లి, నిజానికి అది ప్రైమేట్, లోరిస్ జాతి. పావుకిలో బరువుంటుందేమో, తోక ఉండదు, రాత్రిపూట చెట్ల మీద మెల్లగా పాకుతూ పురుగులు తింటుంది. పిల్లికైతే లోపలికి ముడుచుకునే గోళ్ళుంటాయి, దీనికి మన లాంటి చదునైన గోళ్ళు, వెనక కాలి రెండో వేలికి మాత్రం గోక్కోడానికి ఒక కొక్కెం లాంటి గోరు, బొటనవేలు విడిగా ఉండి కొమ్మని గట్టిగా పట్టుకుంటుంది. పిల్లి రెండు నెలలు మోసి నాలుగైదు పిల్లల్ని పెడుతుంది, ఇంత చిన్న ప్రాణి ఐదున్నర నెలలు మోసి ఒకటో రెండో కంటుంది. అంటే నాలుగు చచ్చిపోతే మళ్ళీ ఆ నాలుగు రావడానికి ఎంత కాలం పడుతుందో చూడండి. పైగా చేతబడికనీ, కంటి మందుకనీ దాన్ని పట్టుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. 1972 వన్యప్రాణి చట్టంలో షెడ్యూల్ 1లో, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఇచ్చే జాబితాలో ఉంది, పులితో సమానంగా. తమిళనాడు వాళ్ళు 2022లో కడవూరులో దీనికోసమే అభయారణ్యం పెట్టారు, మన పిల్లలకి ఇది కోతికి చుట్టమని కూడా తెలీదు.

వచ్చే వారం సవరణ వేసేటప్పుడు టేబుల్ వద్దండీ. ఒక పెద్ద సున్నా గీసి క్షీరదాలు అని రాయండి, దాని లోపల చిన్న సున్నా గీసి ప్రైమేట్లు అని రాయండి, అందులో కోతి పక్కన దేవాంగ పిల్లి బొమ్మ తప్పకుండా వేయండి, పిల్లి బొమ్మ మాత్రం పెద్ద సున్నాలోనే ఉంచండి. మా మనవరాలు ఆ పేజీ కత్తిరించి గోడకి అంటించుకుంటానంటోంది.

ఇట్లు,
మీ పాఠకురాలు, రిటైర్డ్ టీచర్,
నాయుడుపేట